రోల్స్ రాయిస్ 20/25: "జమీందారు గారి కారు" అన్న మాటకు రుజువు ఎలా పట్టుకోవాలి?

గోదారిగట్టు:

అందరికీ నమస్కారం. కోస్తాలో ఒక పాత షెడ్డులో ఉన్న రోల్స్ రాయిస్ 20/25 బేరానికి వచ్చింది. ఒక జమీందారీ కుటుంబం ఇంగ్లాండు నుంచి కొత్తగా తెప్పించుకుందని, జమీందారీలు పోయాక చేతులు మారిందని, 1980లలో "ఫుల్ రీస్టోరేషన్" చేయించామని అమ్మేవారి మాట.

ఆర్సీలో 1934 మోడల్ అని ఉంది. ఛాసిస్ నంబరు గడిలో ఒక అక్షరం, ఒక అంకె, మళ్లీ ఒక అక్షరం. అంతే. ఇంజన్ నంబరు గడి ఖాళీ. బాడీ నాలుగు డోర్ల టూరర్, గుడ్డ టాపు, క్రీమ్ రంగు. డోరు తీస్తే కింద గుమ్మం మీద కారు బాడీలు కట్టే హూపర్ కంపెనీ ప్లేటు కనిపిస్తోంది. బిల్లులు రెండున్నాయి గానీ "టింకరింగ్, పెయింటింగ్, ఇంజన్ పని" అన్న మూడు మాటలు తప్ప వాటిలో వివరం లేదు.

అడ్వాన్సు ఇచ్చేలోపు తేల్చుకోవాల్సినవి మూడు. కారు నిజంగా ఏ నంబరుది? బాడీ మొదటిదేనా? హక్కు కాగితాల గొలుసు ఎక్కడైనా తెగిందా?

ఛాసిస్ కార్డు:

గోదారిగట్టు గారూ, ఆర్సీలో ఛాసిస్ నంబరని రాసింది ఛాసిస్ నంబరు కాదండి. అక్షరం, అంకె, అక్షరం అన్న వరస 20/25 ఇంజన్ నంబరుది. గుమాస్తా ఎప్పుడో ఒక గడిది ఇంకో గడిలో రాశాడు, అప్పట్నుంచీ అదే నకలు అవుతూ వచ్చింది. పాత ఆర్సీల్లో చాలా మామూలుగా కనిపించే పొరపాటు ఇది. ఇది తేలకుండా మిగతావేవీ తేలవు.

20/25 ఛాసిస్ నంబరు Gతో మొదలయ్యే మూడక్షరాలు, వాటి పక్కన సంఖ్య. 1929లో జీఎక్స్ఓ వరసతో మొదలై 1936లో జీటీకేతో ముగిసింది. మొత్తం 3,827 కార్లు. తర్వాత వచ్చిన 25/30 మోడల్ వరసలు కూడా Gతోనే మొదలవుతాయి కాబట్టి మొదటి అక్షరం చూసి ఖాయం చేసుకోకండి, మూడక్షరాలూ చూడాలి. కంపెనీ 13ను వాడేది కాదు. ప్లేటు మీద మూడక్షరాల పక్కన 13 ఉంటే ఆ ప్లేటు తర్వాత చేసినది.

నంబరు మూడు చోట్ల చూడండి: బానెట్ తెరిస్తే బల్క్‌హెడ్ (ఇంజనుకూ ముందు సీట్లకూ మధ్య గోడ) మీదుండే ప్లేటు, ఛాసిస్ ఫ్రేము ఇనుము మీద కొట్టిన ముద్ర, క్రాంక్‌కేస్ (ఇంజన్ కింది పెట్టె) మీద ఇంజన్ నంబరు. ప్లేటును నాలుగు స్క్రూలు తీసి ఏ కారుకైనా బిగించవచ్చు, అందుకే దానికి విలువ తక్కువ. ఫ్రేము మీది ముద్రే అసలు. అది గ్రీజు, రంగు పొరల కింద ఉంటుంది. కిరసనాయిలు, నైలాన్ బ్రష్షుతో కడగండి. వైర్ బ్రష్షు, గ్రైండర్ దగ్గరికి కూడా రానివ్వకండి. ఆరాక టార్చిని పక్కవాటుగా, ఇనుముకు దాదాపు ఆనించి పట్టుకుని ఫొటో తీయండి, అంకెల గుంటలు నీడలో తేలతాయి. ఆర్టీఓ ఆఫీసుకు తీసినట్టే పల్చటి కాగితం పెట్టి పెన్సిల్ ప్రింటు కూడా తీయండి. అంకెల చుట్టూ లోహం చుట్టుపక్కల కంటే పల్లంగా, అద్దంలా నున్నగా ఉంటే అక్కడ ఎవరో అరగదీసి మళ్లీ కొట్టారన్నమాట.

నంబరు దొరికాక ఇంగ్లాండులో పాలర్స్‌పరీ ఊళ్లోని రోల్స్ రాయిస్ ఎంథూజియాస్ట్స్ క్లబ్‌కు రాసి ఆ ఛాసిస్ ఫ్యాక్టరీ రికార్డుల నకళ్లు తెప్పించుకోండి. ఆర్డరిచ్చిన వ్యక్తి, బాడీ కట్టిన సంస్థ, బాడీ రకం, ఛాసిస్ పరీక్ష తేదీలు, గ్యారంటీ మొదలైన రోజు వాటిలో ఉంటాయి. ఇంజన్, గేర్‌బాక్స్, యాక్సిళ్ల నంబర్లు కూడా ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. ఒక్కొక్కటీ కారు మీద సరిచూడండి. కారు ఇండియాకు వచ్చిందైతే ఓడ పేరు, రేవు పేరు రాసిన కార్డులూ కనిపిస్తాయి.

తేదీల దగ్గర కంగారు పడొద్దు. ఇప్పుడు లారీలకు జరుగుతున్నట్టే ఫ్యాక్టరీ నుంచి ఉత్త ఛాసిస్ బయటికి వచ్చేది, బాడీ వేరేచోట కట్టించేవారు, దానికి నెలలు పట్టేది. 1933లో పరీక్ష అయిన ఛాసిస్ 1934లో రిజిస్టరైతే అది తేడా కాదు. ఆర్డరిచ్చినవారూ కారు ఎక్కినవారూ కూడా ఒకరే కానక్కర్లేదు. చౌమహల్లా ప్యాలెస్‌లో ఉన్న పసుపు రంగు రోల్స్ రాయిస్ సిల్వర్ ఘోస్ట్‌నే చూడండి. ఆర్డరిచ్చింది ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్. 1911 ఆగస్టులో ఆయన పోయారు. కారు చేరింది ఏడో నిజాం హయాంలో.

పాత కలప:

బాడీ సంగతి నేను రాస్తాను. గుమ్మం మీది ప్లేటు సాక్ష్యం కిందికి రాదు, పాత ప్లేట్లు విడిగా కొనడానికి దొరుకుతాయి. సాక్ష్యం కలపలోనూ, తలుపుల లోపలి సామానులోనూ ఉంటుంది.

అప్పటి బాడీ అంటే యాష్ అనే ఇంగ్లీషు చెట్టు కలపతో చట్రం, దాని మీద అల్యూమినియం రేకు. బాడీ కట్టేవాళ్లు తమ వర్క్‌షాప్ నంబరును కలప మీద ముద్రగానో, డోర్ల సామాను మీద అంకెలుగానో, ట్రిమ్ (లోపలి తొడుగు) వెనక చాక్‌తోనో పెన్సిల్‌తోనో వేసుకునేవారు. సీటు ఎత్తి అడుగు చట్రం చూడండి. డోరు లోపలి తోలు ప్యానెల్ ఒక్కటి విప్పడానికి ఒప్పించండి. తాళం కప్పు, అద్దం దింపే యంత్రం వెనక వైపు చూడండి. నాలుగు డోర్లలోనూ ఒకే నంబరు కనిపిస్తే మంచి గుర్తు. చట్రమంతా టేకు అయితే అది ఇక్కడ కట్టిన బాడీ, లేదా చెదపట్టాక ఇక్కడ మార్చిన చట్రం. కొత్త రేకు కింద పాత యాష్ ముక్కలు మిగిలి ఉంటే మాత్రం సంతోషించాలి, కొలతలకు అవే ఆధారం.

తర్వాత కారు కిందికి వెళ్లండి. పెద్ద లిమోజిన్ బాడీ తీసేసి తేలికపాటి టూరర్ పెడితే ఛాసిస్ ఫ్రేము మీద పాత బాడీ బ్రాకెట్ల బోల్టు రంధ్రాలు ఖాళీగా మిగులుతాయి. కొన్నిటిని వెల్డు చేసి పూడ్చి రంగేస్తారు, వేలు పెట్టి తడిమితే గుండ్రటి మచ్చ తగులుతుంది. ఇలా బాడీలు మార్చడం ఇక్కడే కాదు, ఇంగ్లాండులోనూ విరివిగా జరిగింది. మూసిన బాడీలకు గిరాకీ లేని రోజుల్లో ఎన్నో సెలూన్లు టూరర్లయ్యాయి.

రంగుకు రెండు పరీక్షలు. డాష్‌బోర్డు కింద కనపడని చోట తెల్ల గుడ్డతో సెల్యులోజ్ థిన్నర్ రుద్దండి. గుడ్డకు రంగు అంటితే పాత పద్ధతి సెల్యులోజ్ పెయింటు. అంటకపోతే ఈమధ్య వాడే, గట్టిపరిచే రసాయనం కలిపి కొట్టే టూకే పెయింటు. రెండోది, యజమాని ఒప్పుకుంటే, డోరు కీలు వెనక రూపాయి బిళ్లంత మేర 600, 800, 1200 నంబరు నీటి ఎమరీ కాగితంతో నెమ్మదిగా పల్లం చేయండి. చెట్టు మొద్దు కోసినట్టు రంగు వలయాలు బయటపడతాయి. అన్నిటికంటే లోపలి వలయం రేకును తాకే ప్రైమర్, దానిపైది మొదటి రంగు. డోరు కీలు దగ్గర నాలుగు వలయాలుండి బానెట్ దగ్గర ఒక్కటే ఉంటే బానెట్ మార్చారు, లేదా రేకు దాకా గీకేశారు.

అయస్కాంతం పెట్టి లప్పం వెతకొద్దు. అల్యూమినియానికి అసలే అతుక్కోదు, ఊరికే భయపడతారు. పెయింటు మందం కొలిచే పరికరం తెస్తే ఇనుముకూ అల్యూమినియానికీ రెండింటికీ పనిచేసేదే తీసుకెళ్లండి.

దస్త్రాల గది:

కాగితాల విషయంలో మన దగ్గర జరిగే పెద్ద తప్పు, ఆర్సీ మీద పేరుంటే చాలనుకోవడం.

జమీందారీ కుటుంబమంటున్నారు కాబట్టి 1948 మద్రాసు ఎస్టేట్ల రద్దు చట్టం తర్వాతి కాగితాలు ముందు అడగండి. భాగపరిష్కారం అయి ఉంటే దస్తావేజులో చరాస్తుల షెడ్యూలు ఉంటుంది, కారు ఎవరి వాటాకు వచ్చిందో అందులో చూడాలి. దావా నడిచి ఉంటే డిక్రీకి కోర్టులో సర్టిఫైడ్ కాపీకి అర్జీ పెట్టండి. వారసుడు మైనరై ఎస్టేటు కోర్ట్ ఆఫ్ వార్డ్స్ కిందికి వెళ్లి ఉంటే ఆస్తుల జాబితాలు ప్రభుత్వ దస్త్రాల్లోకి చేరేవి. మద్రాసు ప్రెసిడెన్సీ దస్త్రాలకు చెన్నై ఎగ్మోర్‌లోని తమిళనాడు ఆర్కైవ్స్, నిజాం రాజ్యానివైతే హైదరాబాద్ తార్నాకలోని తెలంగాణ రాష్ట్ర ఆర్కైవ్స్. తార్నాకలో ఉర్దూ, ఫార్సీ చదవగలిగినవారు పక్కన ఉండాలి.

అక్కడ చాలామంది బోల్తా పడేది పాత రెవెన్యూ లెక్కల ఫసలీ సంవత్సరాల దగ్గర. నిజాం రాజ్యంలో ఫసలీ ఏడాది అక్టోబరులో అజూర్ మాసంతో మొదలయ్యేది. ఫసలీ సంఖ్యకు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా 590, జనవరి నుంచి 591 కలపాలి. జాగీర్ల రద్దు ఉత్తర్వు 1358 ఫసలీ, అంటే 1949 ఆగస్టు. కోస్తా కాగితాల్లోని ఫసలీ జూలైలో మొదలవుతుంది, కాబట్టి జూలై నుంచి డిసెంబరు దాకా 590, ఆ తర్వాత 591. ఈ తేడా పట్టించుకోకపోతే కారు చేతులు మారిన ఏడాదే తప్పుతుంది. హైదరాబాద్ బిల్లులైతే రూపాయి ఏదో కూడా చూడండి, నిజాం సొంత నాణెం హాలీ సిక్కా 7 రూపాయలు దాదాపు 6 బ్రిటిష్ ఇండియా రూపాయలకు సమానం.

"కొత్తగా తెప్పించారు" అన్నదాన్నీ పరీక్షించాలి. ఇంగ్లాండులో కొన్నాళ్లు తిరిగి సెకండ్ హ్యాండ్‌గా ఇక్కడికొచ్చిన కార్లున్నాయి. రికార్డులో బ్రిటిష్ నంబరు కనిపిస్తే ఆ కౌంటీ రికార్డు ఆఫీసులో పాత రిజిస్టరు మిగిలిందేమో అడగండి, డ్రాయిట్‌విచ్‌లో పాత వాహన రికార్డులు దాచే కిట్‌హెడ్ ట్రస్ట్‌కూ రాయండి.

ఇక బదిలీ. ఆర్సీలో ఉన్న వ్యక్తి చనిపోయి ఉంటే ముందు వారసుల పేరిట ఫారం 31 మీద మారాలి, ఆ తర్వాతే మీ పేరిట ఫారం 29, 30. వారసుల్లో ఒకరే సంతకం పెడతామంటే ఒప్పుకోవద్దు. ఛాసిస్ నంబరు సవరణ అమ్మేవారే చేయించి ఇవ్వాలని అగ్రిమెంటులో రాయించుకోండి.

గోదారిగట్టు:

అందరికీ కృతజ్ఞతలు. ఫ్రేము మీద నంబరు దొరికింది, 20/25దే. రికార్డు నకళ్లు వచ్చాయి. ఇంజన్ నంబరు ఆర్సీలో ఉన్నదే, గేర్‌బాక్స్ నంబరూ సరిపోయింది. కానీ బాడీ గడిలో "థ్రప్ అండ్ మేబర్లీ, లిమోజిన్" అని ఉంది, హూపర్ కాదు. ఫ్రేముకు రెండు వైపులా పూడ్చిన రంధ్రాలున్నాయి. డోర్ల చట్రం మొత్తం టేకు, ఎక్కడా నంబరు లేదు. ఇప్పుడేం చేయాలి?

ఛాసిస్ కార్డు:

ఫ్రేము, ఇంజన్, గేర్‌బాక్స్ ఒకే కారువి అని రుజువైంది కదా, అది చిన్న విషయం కాదు. ఒకే నంబరును రెండు కార్లు చెప్పుకునే పరిస్థితి వీటితోనే వస్తుంది, ఫ్రేము ఒకచోట, ఇంజన్ ఇంకోచోట తేలి. మీకు ఆ భయం లేదు. బాడీ మాత్రం ఇండియాలో కట్టింది, హూపర్ ప్లేటు ఇంకో కారుది. "హూపర్ టూరర్" ధర ఇవ్వకండి. బాడీ మార్చిన 20/25 ధరే దానికి సరైన ధర.

రిజిస్ట్రేషన్ మీదా దీని ప్రభావం ఉంది. 2021 వింటేజ్ నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన బండి మొదటి రూపంలో ఉండాలి, ఛాసిస్, బాడీ, ఇంజన్లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. నంబరు ప్లేటులో వీఏ అక్షరాలొచ్చే ఈ వరసకు కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు ₹20,000, గడువు 10 ఏళ్లు. బాడీ మారిందన్న సంగతి దాచి దరఖాస్తు పెట్టకండి. ఇప్పటికే నంబరున్న బండికి పాత నంబరు కొనసాగించుకునే వీలుంది, మీకు అదే సుఖం. విదేశాలకు అమ్ముదామన్న ఆలోచనా వద్దు, 1950 జనవరి 1కి ముందు తయారైన కార్ల ఎగుమతి మీద ఆంక్షలున్నాయి.

ఆ టేకు బాడీని పీకి లిమోజిన్ కట్టించాలని తొందరపడొద్దని కూడా నా మనవి. నలభై ఏళ్ల కిందటి పనితనం కూడా ఆ కారు చరిత్రలో భాగమే. ఇప్పుడు మార్చే ప్రతి ముక్క మీదా ఏడాది కొట్టించండి, తీసిన ముక్కను చీటీ కట్టి దాచండి. పాత వాహనాల అంతర్జాతీయ సమాఖ్య ఫీవా తన టురిన్ చార్టర్‌లో మార్చిన భాగాలకు చెరగని గుర్తు పెట్టాలని చెప్పింది ఇందుకే.

విట్‌వర్త్ పానా:

"ఇంజన్ పని" అన్న రెండు మాటలకు అర్థం బండి దగ్గరే దొరుకుతుంది. బోల్టులకు మెట్రిక్ పానా సరిగ్గా కూర్చుంటే ఆ బోల్టు తర్వాత వేసింది. అసలువి బీఎస్ఎఫ్ (బ్రిటిష్ స్టాండర్డ్ ఫైన్) మరలవి, వాటికి పాత బ్రిటిష్ కొలతల విట్‌వర్త్ పానాలు కావాలి. క్రాంక్‌కేస్‌లోకి ఇలాంటి మెట్రిక్ బోల్టు దింపి ఉంటే అల్యూమినియం మరలు చితికి ఉంటాయి.

క్రాంక్‌షాఫ్టు లోపల బోలు, దాని చివరలు ప్లగ్గులతో మూసి ఉంటాయి. ఆయిల్ మడ్డి అందులో గట్టిపడుతుంది. బేరింగులకు కొత్త వైట్ మెటల్ (మెత్తటి మిశ్రమ లోహం) పోయించి ఆ ప్లగ్గులు విప్పకుండా వదిలేస్తే మడ్డి కదిలి ఆయిల్ దారి మూసుకుని కొత్త బేరింగు కరిగిపోతుంది. అందుకని బేరింగులు మార్చారా అని మాత్రమే కాదు, ప్లగ్గులు విప్పారా అని అడగండి. సమాధానం తడబడితే ఇంజన్ దింపే ఖర్చు ధరలో తగ్గించండి.

సిలిండర్ హెడ్డు పోత ఇనుము, లోపలి నుంచి తుప్పు తిని బీటలిస్తుంది. చల్లగా ఉండగా రేడియేటర్ మూత తీసి స్టార్టు చేయించండి. ఇంజన్ వేడెక్కకముందే నీళ్లలో బుడగలు వరసగా వస్తే హెడ్డో గాస్కెటో పోయింది. ముందే వేడెక్కించి పెట్టిన బండిని ఆ రోజు చూడొద్దు, చల్లారాక మళ్లీ వెళ్లండి.

బ్రేకులు షెడ్డులో తొక్కి చూసి లాభం లేదు. తొక్కిన బలాన్ని పెంచే బ్రేకు సర్వో గేర్‌బాక్స్ నుంచి తిరుగుతుంది, బండి కదిలితేనే బలం అందుతుంది. ఖాళీ రోడ్డు మీద 30 కిలోమీటర్ల వేగంలో ఒకసారి, తర్వాత వెనక్కి నడుపుతూ ఒకసారి తొక్కండి. బండి ఒక పక్కకు లాగితే బ్రేకు లింకుల సర్దుబాటు తప్పింది. రెండుసార్లూ పెడల్ బండబారినట్టుండి బండి ఆగకపోతే సర్వో లైనింగుకు ఆయిల్ పట్టింది. అదొక్కటీ విప్పి శుభ్రం చేస్తే సరిపోయే పని, దానికోసం బేరం వదులుకోవద్దు.