పరస్పర ఆధారం పెరిగాక దేశాల బలాబలాలు ఎలా మారాయి?

ప్రశ్న:
వాణిజ్యం పెరిగేకొద్దీ దేశాలు ఒకదానిపై ఒకటి ఆధారపడతాయని, అందువల్ల యుద్ధాలు తగ్గి అంతర్జాతీయ సంస్థలు బలపడతాయని చదువుకున్నాను. 1995లో ప్రపంచ వాణిజ్య సంస్థ ఏర్పడినప్పుడూ, 2001లో చైనా అందులో చేరినప్పుడూ వినిపించిన ఆశ ఇదే. ఇప్పుడేమో ఎక్కడ చూసినా ఆంక్షలు, సుంకాలు. ప్రపంచీకరణ వెనక్కి మళ్ళిందనుకోవాలా?

మొదటి సమాధానం:
మళ్ళలేదనే నా అభిప్రాయం. సరుకుల రాకపోకలు ఆగలేదు. అవి ఏ ఇరుకుదారి గుండా సాగాలో ఆ దారి చేతిలో ఉన్నవారిదే పైచేయి అయింది. చిప్‌ల సంగతే చూడండి. అత్యాధునిక చిప్‌లను ముద్రించే ఈయూవీ (అతి తక్కువ తరంగదైర్ఘ్యం గల అతినీలలోహిత కాంతితో పనిచేసే) యంత్రాలను ప్రపంచంలో తయారుచేసేది నెదర్లాండ్స్‌లోని ఏఎస్ఎంఎల్ ఒక్కటే. దాని అద్దాలు జర్మనీ నుంచి వస్తాయి, కాంతిని పుట్టించే భాగం వెనుక అమెరికా సాంకేతికత ఉంది, ఆ యంత్రాలతో చిప్‌లు ఎక్కువగా తయారయ్యేది తైవాన్‌లో. ఇన్ని దేశాల చేతులు కలిస్తేనే పుట్టే వస్తువు కాబట్టే అది చైనాకు చేరకుండా అమెరికా అడ్డుపడగలిగింది, 2022 అక్టోబరులో ఆంక్షలను మరింత బిగించగలిగింది. చైనా కూడా 2023లో చిప్‌ల తయారీకి వాడే గాలియం, జెర్మేనియం లోహాల ఎగుమతులకు ముందస్తు అనుమతి తప్పనిసరి చేసి తన చేతిలోని దారిని చూపించింది.

రెండవ సమాధానం:
పై మాటతో ఏకీభవిస్తూనే డబ్బు సంగతి కలుపుతాను, ఎందుకంటే ఇంతకన్నా పెద్ద మార్పు అక్కడే జరిగిందని నమ్ముతున్నాను. 2022లో ఉక్రెయిన్‌పై దాడి తరువాత రష్యా కేంద్ర బ్యాంకు విదేశాల్లో దాచుకున్న సుమారు 30,000 కోట్ల డాలర్ల నిల్వలను పాశ్చాత్య దేశాలు స్తంభింపజేశాయి. ఆ దాడిని ఖండించవలసిందే, అందులో నాకు సందేహం లేదు. అయితే విదేశీ కరెన్సీలో దాచిన సొమ్ము రాజకీయ అనుమతి ఉన్నంతవరకే తమదని మిగతా దేశాలకూ అర్థమైంది. ఆ ఏడాది కేంద్ర బ్యాంకులు కలిసి 1,000 టన్నులకు పైగా బంగారం కొనడానికి ఇదొక ప్రధాన కారణం.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. మరి చేతిలో చిప్‌లు గానీ, ఖనిజాలు గానీ, చలామణిలో ఉన్న కరెన్సీ గానీ లేని చిన్న దేశం దేన్ని ఆశ్రయించాలి?

మొదటి సమాధానమిచ్చినవారు:
దానికి ఉన్న రక్షణ ఉమ్మడి నియమాలే, నన్ను ఎక్కువగా కలవరపెడుతున్నదీ అదే. తీర్పరుల నియామకాన్ని అమెరికా అడ్డుకోవడంతో, దేశాల మధ్య వివాదాల్లో తుది తీర్పు చెప్పే ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం 2019 డిసెంబరు నుంచి పనిచేయడం లేదు. కింది స్థాయిలో ఓడిన దేశం అప్పీలు చేస్తే చాలు, తీర్పు అమలు కాకుండా అక్కడే ఆగిపోతుంది. ఐరోపా సమాఖ్య తదితరులు 2020లో తాత్కాలిక మధ్యవర్తిత్వ ఏర్పాటు చేసుకున్నా, అది అందులో చేరిన దేశాలకే వర్తిస్తుంది, అమెరికా చేరలేదు.