‘రార్ట్’ను తెలుగులో ఏమందాం?

సిడ్నీ నుంచి: ఇక్కడి రాజకీయాలు మనవాళ్లకి చెప్పేటప్పుడు ఒక మాట దగ్గర ఎప్పుడూ ఆగిపోతాను. రార్ట్. ఆస్ట్రేలియాలో పేపరు తెరిస్తే చాలు, కనపడుతుంది. అచ్చంగా లంచమూ కాదు, దొంగతనమూ కాదు. కాగితాలన్నీ సక్రమంగానే ఉంటాయి, ప్రజల డబ్బు మాత్రం నాయకుడికి కావలసిన చోటికి చేరిపోతుంది.

2019 ఎన్నికల ముందు ఊళ్లలోని ఆటల క్లబ్బులకు 10 కోట్ల డాలర్ల గ్రాంట్లు ఇచ్చారు. అధికారులు అర్హతను బట్టి మార్కులు వేసి జాబితా ఇస్తే, మంత్రిగారి ఆఫీసు వేరే లెక్క వేసుకుంది: ఏ సీటు చేజారేలా ఉంది, ఏ సీటు గెలవొచ్చు అని. 2020 జనవరిలో ఆడిటర్ జనరల్ రిపోర్టు ఈ సంగతి బయటపెట్టింది. పేపర్లు పెట్టిన పేరు ‘స్పోర్ట్స్ రార్ట్స్’. హెడ్డింగులో పట్టే తెలుగు మాట చెప్పండి.

విజయవాడ నుంచి: ఇంత ఆలోచనెందుకండీ? ‘మేత’. క్రీడా నిధుల మేత.

సిడ్నీ నుంచి: పాత వాడుకలో రార్ట్ అంటే జోరుగా సాగిన పార్టీ అని కూడా అర్థం ఉంది కాబట్టి మీ మేత మరీ దూరమేం కాదు. కానీ మేస్తే కడుపు నిండాలి కదా. ఆ డబ్బు మంత్రి బ్రిజెట్ మెకెంజీ జేబులోకి వెళ్లిందన్న ఆరోపణ కాదిది. 2020 ఫిబ్రవరిలో ఆవిడ రాజీనామా చేశారు, నిజమే. దేనికో చూడండి. గ్రాంటు అందుకున్న ఒక గన్ క్లబ్బులో తనకు సభ్యత్వం ఉన్నట్టు చెప్పనందుకు! సీట్లు చూసి పంచినందుకు కాదు. మరుసటేడు మళ్లీ కేబినెట్‌లో ఉన్నారు. జనానికి ఒళ్లు మండేది సరిగ్గా అక్కడే.

హైదరాబాద్ నుంచి: అలాగైతే ‘పందేరం’. పదవుల పందేరం, భూముల పందేరం అని రోజూ చదివేదే. పప్పుబెల్లాల్లా పంచారు అన్నా నడుస్తుంది.

రాజమండ్రి నుంచి: పందేరంలో పంచడం ఉంది గాని, ఎవరి సొత్తు పంచారన్నది లేదు. ఆ మంట తెలియాలంటే సామెతే గతి. అత్తసొమ్ము అల్లుడు దానం.

సిడ్నీ నుంచి: అద్భుతం మాస్టారూ! కాకపోతే ఒక పేచీ. 2014 నవంబరులో అప్పటి స్పీకర్ బ్రాన్విన్ బిషప్ మెల్‌బోర్న్ నుంచి జిలాంగ్‌లో సొంత పార్టీ విరాళాల సభకు హెలికాప్టర్‌లో వెళ్లారు. కారులో గంట, గంటంపావు ప్రయాణం. 5 వేల డాలర్లు దాటిన బిల్లు ఖజానా మీద పడింది. గోల పెద్దదై 2015 ఆగస్టులో స్పీకర్ పదవి వదులుకోవాల్సి వచ్చింది. దీన్నీ రార్ట్ అనే అంటారు. మరి ఇక్కడ దానం ఎక్కడుంది?

రాజమండ్రి నుంచి: అది సొమ్మొకడిది సోకొకడిది. వాళ్లకు ఒక మాట, మనకు రెండు సామెతలు. నాకైతే మనదే నయమనిపిస్తుంది. పంచినవాడూ తిరిగినవాడూ ఒకటి కాదు కదా.

మెల్‌బోర్న్ నుంచి: కోపంలో ఇద్దరినీ ఒకే గాటన కట్టేస్తారు సార్, అందుకే ఒకే మాట. పైగా ఇది ఒక పార్టీ జబ్బు కాదు. మీరు చెప్పిన ఇద్దరూ లిబరల్ కూటమి వాళ్లు. అవతలి పెద్ద పార్టీ లేబర్‌లోనూ అంతే: 1994లో ఆ పార్టీ మంత్రి రాస్ కెల్లీ కూడా ఆటల గ్రాంట్ల గొడవలోనే రాజీనామా చేశారు. ఎంపిక ఎలా జరిగిందో చూపించమంటే, పెద్ద వైట్‌బోర్డు మీద రాసుకుని చెరిపేశామన్నారు. అప్పుడూ పేరు ‘స్పోర్ట్స్ రార్ట్స్’ అనే. 26 ఏళ్ల తర్వాత పేపర్లకు కొత్త పేరు వెతుక్కునే పని కూడా పడలేదు. అలిగి ఇంట్లో కూర్చుందామంటే ఓటు తప్పనిసరి, వెయ్యకపోతే 20 డాలర్లు ఫైను. 2022లో దాదాపు ముగ్గురిలో ఒకరు మొదటి ప్రాధాన్య ఓటు లేబర్‌కీ ఇవ్వలేదు, లిబరల్ కూటమికీ ఇవ్వలేదు. నేను విన్నంతలో కారణం అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: అంతా ఒకే తాను ముక్కలు.

విజయవాడ నుంచి: సరే, నా మేత వెనక్కి తీసుకుంటున్నా. ‘అత్తసొమ్ము గ్రాంట్లు’ అని పెట్టెయ్యండి, హెడ్డింగులో పడుతుంది.

సిడ్నీ నుంచి: పడుతుంది గాని, మా అత్తగారు ఈ గ్రూపులోనే ఉన్నారండీ. నేను ‘పందేరం’తో సరిపెట్టుకుంటాను.