ప్రింట్ ఆన్ డిమాండ్ దుకాణంలో కొత్త డిజైన్లు: రోజుకొకటా, నెలకు నాలుగా?

ప్రశ్న (మారతహళ్లి):
బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటూనే రెండేళ్లుగా తెలుగు మాటలు ముద్రించిన టీషర్టులు ఆన్‌లైన్‌లో అమ్ముతున్నాను. ఆర్డరు వచ్చిన తరువాతే తిరుప్పూరులో అచ్చువేసి నేరుగా కొన్నవారికి పంపుతారు కనుక నా దగ్గర సరుకు నిల్వ ఉండదు. ఇప్పటికి 64 డిజైన్లు పెడితే వాటిలో 9 మాత్రమే కదులుతున్నాయి. రోజుకొక కొత్త డిజైన్ పెట్టనివాడు ఈ వ్యాపారంలో నిలవలేడని మా బావగారు గట్టిగా అంటున్నారు. నాకేమో నెలకు నాలుగు చేయడమే గగనంగా ఉంది. అనుభవం ఉన్నవారు చెప్పగలరు.

జవాబు (కె.ఆర్. పురం):
మీ బావగారితో నేను ఏకీభవిస్తాను. అమ్ముడుపోయే తొమ్మిది ఏవో ముందే తెలిసి ఉంటే మిగతా 55 మీరు వేసేవారే కాదు. సరుకు కొని పెట్టుకోనక్కరలేని ఈ వ్యాపారంలో ఉన్న అసలు వెసులుబాటు, అమ్ముడుపోని డిజైన్ వల్ల పెద్ద నష్టం లేకపోవడమే. దాన్ని వదులుకుని చిక్‌పేట బట్టల కొట్టులా ఆచితూచి పెడితే ఎలా? పైగా ఎట్సీ అనే ఆన్‌లైన్ అంగడిలో కొత్తగా చేర్చినవాటిని వెతికేవారికి కొంతకాలం కాస్త పైన చూపిస్తారు.

జవాబు (మడివాళ):
ఆ పైకెత్తడం స్వల్పమని, తాత్కాలికమని ఎట్సీవారే చెబుతారు. అక్కడ ఒక్కో వస్తువు నమోదుకు 20 సెంట్లు, గడువు నాలుగు నెలలు. రోజుకొకటి చొప్పున 365 పెట్టి అన్నింటినీ ఏడాది పాటు నిలుపుకోవాలంటే 219 డాలర్లవుతుంది. అమ్మకాలు లేని దుకాణానికి అది చిన్న మొత్తమేమీ కాదు.

అయినా నా అభ్యంతరం డబ్బు గురించి కాదు. నిరుడు రెండు నెలలు రోజుకొకటి పెట్టి చూశాను. రాత్రి పదకొండింటికి నిద్రకళ్లతో ఎక్కించిన ఒక డిజైన్‌లో ‘అమ్మ’ అనే మాట ‘అమ్‌మ’గా విడిపోయిన సంగతి, ఒకామె మాతృ దినోత్సవానికి వాళ్లమ్మకు తొడిగి ఫొటో పంపేదాకా నాకు తెలియలేదు. డబ్బు తిరిగి ఇచ్చాను, కానీ ఆమె మళ్లీ కొనలేదు. మరొకటి నల్ల చొక్కా మీద తెల్లని ‘కథ’. తెరపై ముచ్చటగా ఉంది. గుడ్డ మీదకు వచ్చేసరికి సిరా పాకి ‘థ’ లోపలి చుక్క చుట్టూ ఉన్న వలయంలో కలిసిపోయింది. నమూనా తెప్పించుకుని చూడకుండా ఇలాంటివి పట్టుకోలేం, రోజుకొక నమూనా తెప్పించుకోవడం జరిగే పని కాదు.

జవాబు (కె.ఆర్. పురం):
‘అమ్మ’ విడిపోవడం వేగం వల్ల జరిగిన తప్పు కాదండీ. ఫొటోషాప్‌లో వరల్డ్ రెడీ లేఅవుట్ అనే, మన లిపులకు పనికొచ్చే అమరిక ఎంచుకోకపోతే తెలుగు ఒత్తులు అలాగే చెదిరిపోవచ్చు. నెలకొక డిజైన్ చేసినా చెదురుతాయి. ఒకసారి సరిచేసుకుంటే సరిపోయేదానికి రోజువారీ పద్ధతినే తప్పుపట్టడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే.

జవాబు (మడివాళ):
ఒత్తుల విషయంలో మీరన్నది నిజమే, ఒప్పుకుంటున్నాను. ‘థ’ విషయంలో మాత్రం ఒప్పుకోను. ఇంకొకటి, పండుగ డిజైన్ల విషయంలో సంఖ్య కంటే తేదీ ముఖ్యం. 2026లో ఉగాది మార్చి 19న అయితే నేను డిజైన్ పెట్టింది మార్చి 5న. అచ్చుకూ రవాణాకూ పోయే రోజులు తీసేస్తే అమ్ముకోవడానికి మిగిలింది వారం కూడా లేదు. దానికి తోడు సంవత్సరం పేరు కూడా వేశాను. ఆ పేరు పరాభవ. గుండెల మీద ‘పరాభవ’ అని రాసుకుని ఎవరు తిరుగుతారు? పోనీ దాచుకుందామంటే ఆ పేరు మళ్లీ రావడానికి 60 ఏళ్లు పడుతుంది.

ప్రశ్న వేసినవారు (మారతహళ్లి):
ఇద్దరికీ ధన్యవాదాలు. కదులుతున్న తొమ్మిదింటినీ మళ్లీ చూసుకుంటే ఏడు మా గోదావరి జిల్లాల తిండి మీద వేసినవి. ఇన్నాళ్లూ ఇది గమనించనే లేదు. కాబట్టి నెలకు నాలుగే చేస్తాను, నాలుగూ ఆ వరుసలోనే చేస్తాను. అచ్చు సరిగా వచ్చినవాటిని కప్పుల మీదకూ సంచుల మీదకూ ఎక్కిస్తే చూపించే వస్తువుల సంఖ్య ఎలాగూ పెరుగుతుంది కనుక బావగారికీ కొంత సమాధానం చెప్పుకోవచ్చు. నల్ల చొక్కా మీద ‘పూతరేకులు’ నమూనాకు ఈ రోజే ఆర్డరిచ్చాను. రాగానే దగ్గరగా తీసిన ఫొటో పెడతాను, అక్షరాల సందులు పూడాయో లేదో చూసి చెప్పండి.