గానుగ నూనె శాంపిల్ ల్యాబుకి పంపేదాకా ఎలా దాచాలి?

బొబ్బిలి గానుగ:
బొబ్బిలి దగ్గర మాది కర్ర గానుగండి, మోటారుది. నువ్వుల నూనె ఎన్ని నెలలు నిలవుంటుందో కాగితం చూపించమని ఓ కొట్టాయన పట్టుబట్టాడు. ల్యాబువాళ్ళు రాన్సిమాట్ (వేడిలో నూనె ఎన్ని గంటలకి పాడవుతుందో చూసే మిషన్ పరీక్షట) చేస్తాం, శాంపిల్ పంపండి అన్నారు. కానీ మా వంతు రావడానికి పది రోజులట. అందాకా ఎందులో పొయ్యాలి? ఖాళీ నీళ్ళ సీసాలు చాలా ఉన్నాయి. నెయ్యి కూడా పంపుదామనుకుంటున్నాం.

పలాస కుర్రోడు:
పాత రేకు డబ్బాలో పోసి బస్సు పార్సిల్లో పడేయండి అన్నా. నూనెకేటవుద్ది?

మిల్లు ల్యాబు అమ్మ:
విజయనగరంలో నూనె మిల్లు ల్యాబులో పనిచేసినదాన్ని. రేకు డబ్బా మాట వినకు బాబూ. ఆ మిషన్లో పోసేది 3 గ్రాములే. 110, 120 డిగ్రీల్లో గాలి ఊదుతూ చూస్తారు. ఇనుము, రాగి ఏ కాస్త తగిలినా నూనె తొందరగా పాడై గంటలు తగ్గిపోతాయి. ఇత్తడి గరిటె కూడా పెట్టకు.

నీళ్ళ సీసా వద్దు, వెలుతురు ఆగదు, ప్లాస్టిక్‌లోంచి గాలీ చొరబడుతుంది. ముదురు గోధుమరంగు గాజు సీసాలు చిన్నవి మూడు తీసుకో. సబ్బు మిగలకుండా కడిగి, బాగా ఆరాక, మెడ దాకా నింపు. సగం సీసాలు పంపేవాళ్ళని చూస్తే నాకు ఒళ్ళు మండేది. 200 మి.లీ. సీసాలో సగమే పోస్తే పైన 100 మి.లీ. గాలి, అందులో 21 మి.లీ. ఆక్సిజన్. అదంతా నూనె తాగేస్తే పెరాక్సైడ్ విలువ, అంటే నూనె గాలికి ఎంత చెడిందో చెప్పే అంకె, 18 దాకా పెరుగుతుంది. గానుగ నూనెకి కోడెక్స్ (అంతర్జాతీయ ఆహార ప్రమాణాలు) పెట్టిన హద్దే 15!

మూతలు బిగించి డీప్ ఫ్రీజర్లో పెట్టు. నీళ్ళలాగా ఉబ్బదు, సీసా పగలదు. పంపేటప్పుడు థర్మాకోల్ పెట్టెలో ఐసు ప్యాక్‌లు. చల్లటి సీసా మూత వెంటనే తియ్యొద్దని ల్యాబుకి చెప్పు, మన గాలిలో తేమంతా లోపల చేరుతుంది. గది వేడికి వచ్చాక, కలిపి, అప్పుడు తూచాలి.

బొబ్బిలి గానుగ:
మడ్డి వడకట్టాలా అమ్మా?

మిల్లు ల్యాబు అమ్మ:
నువ్వు అమ్మేది తేరిన నూనైతే అదే పంపు. గానుగ మూతి దగ్గర పట్టింది పంపితే ఆ ఫలితం నీ సరుకుది కాదు. నెయ్యి మాత్రం పైన తేరింది ఒంపకు. సీసా మొత్తం గోరువెచ్చటి నీళ్ళలో కరిగించి, కలిపి, తియ్యాలి. పూస అడుగున ఉండిపోతే పైది వేరే నెయ్యే.

కొట్టాయనకి ముందే చెప్పు, వచ్చేవి గంటలు. వాటిని నెలల్లోకి మార్చే నమ్మకమైన లెక్క లేదు. అదే వేడిలో చేసిన ఇంకో నూనెతో పోల్చుకోడానికే పనికొస్తాయి. నెలలే కావాలంటే సీసాలు అతని కొట్టు అలమారలోనే పెట్టి, నెలనెలా పెరాక్సైడ్ చూపించుకోమను.