అప్‌డేట్: పేకముక్కలతో కూడికలు, మా పాపకి పనికొచ్చిన ఆట

ఒకటో తరగతి పాప కూడికలకి ఇంకా వేళ్లే లెక్కపెడుతోంది, ఇంట్లో ఆడించే ఆటలు చెప్పండని హన్మకొండ నుంచి అడిగింది నేనే. అందరికీ థ్యాంక్స్.

పనిచేసింది కలిపితే పదయ్యే జతల ఆట. కట్టలోంచి పదులు, జాకీలు, రాణులు, రాజులు, జోకర్లు తీసేస్తే 36 ముక్కలుంటాయి. ఆసు అంటే ఒకటి. పరిచిన ముక్కల్లో కలిపితే పదయ్యే రెండు ఎత్తుకోవాలి: 7-3, 6-4, 5-5, ఆసు-9. తప్పు జత ఎత్తకపోతే 18 జతలూ సరిగ్గా తేలతాయి. మొదట్లో ముక్క మీది గుర్తుల్ని వేలితో లెక్కపెట్టేది. ఆపకపోవడమే మంచిదైంది, ఇప్పుడు ఏడు కనబడగానే చెయ్యి మూడు మీదికి పోతోంది.

టైమర్ పెట్టమన్న సలహా మాకు పడలేదు, ఏడుపే. కొన్న ఫ్లాష్ కార్డులు అక్కర్లేకపోయాయి. పిల్లకి పేకాట నేర్పుతారా అన్న మా అత్తమ్మే ఇప్పుడు ముక్కలు కలుపుతోంది. తీసివేతల ఆట మాత్రం ఇంకా కుదరలేదు.