గర్భిణి అయిన చెల్లిని పరిశోధనలో చేర్చవచ్చా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

అందరికీ నమస్కారం. మా చెల్లికి ఇప్పుడు ఐదో నెల. చెకప్‌కి వెళ్లే ఆసుపత్రిలో తల్లీబిడ్డల ఆరోగ్యం మీద జరిగే అధ్యయనంలో చేరమని అడిగారు. మందులేమీ ఇవ్వరట. తన రక్తం, కాన్పయ్యాక బొడ్డుతాడు రక్తం తీసుకుని, తర్వాత కొన్నేళ్లు బిడ్డ ఎదుగుదల చూస్తారట. చెల్లికి ఇష్టమే. వాళ్ల అత్తగారే "పసిబిడ్డ రక్తం వాళ్లకెందుకు?" అని ఒప్పుకోవట్లేదు. తాడు కోశాక అందులో మిగిలేదే తీస్తారని, బిడ్డకు సూది గుచ్చరని నర్సు చెప్పినా ఆవిడకు టెన్షన్ తగ్గలేదు. పెద్దావిడ భయాన్ని కొట్టిపారేయాలని నాకు లేదు.

నాకు మాత్రం ఇలాంటి పరిశోధన అంటే గౌరవం. 1987-90లో హైదరాబాద్ దగ్గరి కొన్ని పల్లెల్లో గర్భిణులకూ, ఆరేళ్లలోపు పిల్లలకూ రోజూ ఉప్మా పెట్టారు, పక్కన మరికొన్ని పల్లెల్లో అప్పటికి ఆ పథకం రాలేదు. ఆ కాలంలో పుట్టిన పిల్లల్ని 13-18 ఏళ్ల వయసులో మళ్లీ వెతికి పరీక్షిస్తే, ఉప్మా అందిన పల్లెల వాళ్లు సగటున 14 మిల్లీమీటర్లు ఎక్కువ ఎత్తున్నారు. ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం కూడా వాళ్లలో తక్కువే. తల్లులు ఒప్పుకోకపోతే ఈ సంగతి మనకు తెలిసేదే కాదు కదా!

మీలో ఎవరైనా ఇలాంటి అధ్యయనంలో చేరారా? పరీక్షల రిపోర్టులు మీ చేతికిచ్చారా? ఏదైనా తేడా కనిపిస్తే వైద్యం ఎవరు చూశారు? మధ్యలో మానేస్తానంటే ఒప్పుకున్నారా, అప్పటికే తీసుకున్న రక్తం ఏం చేశారు? సంతకం పెట్టే ముందు ఆ తెలుగు పత్రంలో ముఖ్యంగా ఏం చూడాలి? వచ్చే చెకప్‌లోపు చెప్పగలిగితే మేలు చేసినవాళ్లవుతారు. అత్తగారికి చదివి వినిపిస్తాను.