పదో తరగతి ఇంగ్లిషు ప్రశ్నపత్రంలో నేటి జీవితానికి చోటు ఎలా కల్పించాలి?

ప్రశ్న (ఇంగ్లిషు స్కూల్ అసిస్టెంట్, జగిత్యాల జిల్లా)

పెద్దలకు నమస్కారం. నేను జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో పదో తరగతికి ఇంగ్లిషు బోధిస్తున్నాను. వార్షిక పరీక్షలకు ముందు మా స్కూల్ కాంప్లెక్స్ పరిధిలోని బడులన్నిటికీ ఉమ్మడిగా ఒక సాధన పరీక్ష పెట్టాలనీ, ఇంగ్లిషు ప్రశ్నపత్రం నేను తయారు చేయాలనీ సమావేశంలో నిర్ణయించారు. పత్రం 80 మార్కులకు ఉండాలి. బ్లూప్రింట్ (ఏ భాగం నుంచి ఎన్ని ప్రశ్నలు ఇవ్వాలనే పట్టిక), వెయిటేజీ (ఏ భాగానికి ఎన్ని మార్కులనే లెక్క) మారకూడదు. ఆ హద్దుల్లోనే పిల్లలకు రేపటి జీవితంలో పనికివచ్చే ప్రశ్నలు ఇవ్వాలని నా కోరిక.

పాత పత్రాలను తిరగేస్తే వీధి దీపాలు వెలగడం లేదని మున్సిపల్ కమిషనర్‌కు లేఖ, పాఠశాల వార్షికోత్సవానికి ఆహ్వానపత్రం, చెట్ల పెంపకంపై ప్రసంగం వంటివే మళ్లీ మళ్లీ కనిపిస్తున్నాయి. గైడులోని నమూనాను బట్టీ పట్టిన విద్యార్థి ఊరి పేరు మార్చి రాసినా మార్కులు పడుతున్నాయి. అందుచేత లేఖకు బదులు ఈమెయిల్‌నూ, సంభాషణకు బదులు వాట్సాప్ సందేశాలనూ ఇవ్వాలనుకున్నాను. అయితే మా పిల్లల్లో చాలామందికి సొంత ఫోన్ లేదనీ, అలాంటి ప్రశ్నలు వారికి అన్యాయం చేస్తాయనీ సహోపాధ్యాయురాలు ఒకరు అభ్యంతరం చెప్పారు. ఆమె మాటలోనూ న్యాయం ఉంది. ఏం చేయమంటారు?

సమాధానం (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కరీంనగర్)

అమ్మా, మీ ఆవేదన సరైనదే. లేఖను ఈమెయిల్‌గా మార్చినంత మాత్రాన ప్రశ్న కాలానికి తగినది కాదు. అదే వీధి దీపాల ఫిర్యాదును ఈమెయిల్‌గా రాయమంటే వచ్చే ఏడాదికి గైడులో ఈమెయిల్ నమూనా కూడా చేరుతుంది, బట్టీ మాత్రం అలాగే మిగులుతుంది. ప్రశ్న తయారు చేసే ముందు మనం వేసుకోవలసిన ప్రశ్న వేరే ఉంది: బడి విడిచిన తరువాత ఈ పిల్లలకు ఇంగ్లిషు ఎక్కడ ఎదురవుతుంది?

వీధి దీపాల గురించి మన ఊళ్లలో ఎవరూ ఇంగ్లిషులో లేఖ రాయరు. సోమవారం నాడు కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణికి వెళ్లేవారు అర్జీని తెలుగులోనే ఇస్తారు, అలా ఇవ్వడమే సహజం కూడా. మరి ఇంగ్లిషు ఎక్కడ తప్పదు? మందుల పెట్టె మీద, బ్యాంకు పంపే సందేశంలో, పాలిసెట్, ఎప్‌సెట్ వంటి ప్రవేశ పరీక్షల దరఖాస్తుల సూచనల్లో, డిగ్రీ ప్రవేశాల ఆన్‌లైన్ విధానమైన ‘దోస్త్’ ద్వారా సీటు వచ్చినప్పుడు ఏ తేదీలోగా ఏం చేయాలో చెప్పే ప్రకటనలో, ఉద్యోగంలో చేరేటప్పుడు సంతకం పెట్టించుకునే కాగితంలో. వీటన్నిటిలోనూ ముందుగా కావలసింది సరిగా చదవడం. ఆ తరువాత నాలుగైదు వాక్యాల్లో స్పష్టంగా అడగడం లేదా బదులు చెప్పడం. ఈ రెండిటినీ పరీక్షించడానికి బ్లూప్రింట్ ఏమీ అడ్డు రాదు. అన్‌సీన్ ప్యాసేజ్ (పుస్తకంలో లేని పాఠ్యభాగం) స్థానంలో ఏ పాఠ్యం ఇవ్వాలనేది మన చేతిలోనే ఉంది కదా.

ఒక ఉదాహరణ చెబుతాను. పళ్లరసాలు, తియ్యని పానీయాల పేర్లలో ‘ఓఆర్ఎస్’ (విరేచనాలప్పుడు నీళ్లలో కలిపి తాగించే లవణ, గ్లూకోజ్ మిశ్రమం) అనే మాట వాడకూడదని 2025 అక్టోబరులో ఆహార భద్రతా ప్రమాణాల సంస్థ ఆదేశించిన సంగతి మీకు తెలిసే ఉంటుంది. దాని వెనుక హైదరాబాద్ పిల్లల వైద్యురాలు శివరంజని సంతోష్ గారు ఏళ్ల తరబడి చేసిన పోరాటం ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు ఓఆర్ఎస్ ద్రావణంలో 13.5 గ్రాముల గ్లూకోజ్ ఉండాలి. విరేచనాలవుతున్న బిడ్డకు అంతకు ఎన్నో రెట్లు చక్కెర ఉన్న పానీయం పట్టిస్తే మేలుకు బదులు కీడు జరుగుతుంది. ఇదంతా డబ్బా మీది చిన్న అక్షరాలను చదవగలగడంతో ముడిపడిన విషయం. కాబట్టి రెండు కల్పిత లేబుళ్లను పక్కపక్కన ముద్రించండి. ఒకటి లీటరు నీటిలో కలపవలసిన ఓఆర్ఎస్ పొడి, రెండోది తియ్యని పానీయం. వాటి కింద సరైన ద్రావణం ఎలా ఉండాలో మూడు వాక్యాల్లో ఇచ్చి, చెల్లెలికి విరేచనాలవుతుంటే వీటిలో ఏది కొంటావు, లేబుల్‌లోని ఏ మాటను బట్టి ఆ నిర్ణయానికి వచ్చావు, దాన్ని ఎన్ని నీళ్లలో కలపాలి అని అడగండి. అదే ఓఆర్ఎస్ 200 మిల్లీలీటర్ల నీటికి సరిపోయే చిన్న పొట్లాల్లో కూడా దొరుకుతుంది కనుక చివరి ప్రశ్నకు అలవాటు కొద్దీ కాక, లేబుల్ చదివి మాత్రమే జవాబు రాయగలరు. సైన్సు తెలిసినవారికి అదనపు లాభం కలగకుండా కావలసిన సమాచారమంతా ప్రశ్నలోనే ఉండాలన్నది మాత్రం మరువకండి.

అడిగినవారు

ఎంతో మేలు చేశారు మాస్టారూ. చదివే భాగం గురించి దారి దొరికింది. రాసే భాగంలోనే నా చిక్కంతా ఉంది. కంఠస్థం చేసిన నమూనాకు పనిలేకుండా చేయడం ఎలాగో, ఫోన్ లేని పిల్లలకు అన్యాయం జరగకుండా చూడడం ఎలాగో ఇంకా బోధపడలేదు.

సమాధానం (ఇంగ్లిషు ఉపాధ్యాయ శిక్షణలో పనిచేస్తున్నవారు, హైదరాబాద్)

మేడమ్, ఈ రెండు చిక్కులకూ విరుగుడు ఒకటే: విద్యార్థి ఊహించి రాయవలసిన లేఖను ఇవ్వకండి, అందుకున్న సందేశానికి రాయవలసిన జవాబును ఇవ్వండి. ‘మీ మిత్రునికి లేఖ రాయుము’ అన్నప్పుడు ఎవరికి, ఎందుకు, ఏ విషయంపై అనేదేదీ లేదు కాబట్టి గైడు ఆ ఖాళీని నింపుతుంది. అదే ఒక కళాశాల కార్యాలయం పంపిన సందేశాన్ని ముద్రించి, అందులో ధ్రువపత్రాల పరిశీలన తేదీ, తేవలసిన కాగితాల జాబితా ఇచ్చి, ఆ తేదీన నీ సోదరి వివాహం ఉందనీ, కుల ధ్రువీకరణ పత్రం ఇంకా చేతికి రాలేదనీ చెప్పి జవాబు రాయమంటే, బట్టీ పట్టిన ఏ నమూనా కూడా అక్కడ అక్కరకు రాదు. విద్యార్థి సందేశాన్ని చదవాలి, వేరే తేదీ అడగాలి, పత్రం ఎప్పటిలోగా ఇవ్వగలడో చెప్పాలి, అది కూడా కార్యాలయానికి తగిన మర్యాదతో.

ఫోన్ గురించి మీ సహోపాధ్యాయురాలి మాట విలువైనది. పరికరం వాడకం తెలిస్తేనే జవాబు రాయగల ప్రశ్న ఇంగ్లిషు పరీక్షలో ఉండకూడదు. ఈమెయిల్‌లో విషయం గడి ఎక్కడ ఉంటుంది, ప్రతిని మరొకరికి పంపడానికి ఏ గడి నింపాలి వంటివి అడగవద్దు. ఆ గడులను గీసి, విలాసాలు నింపి, ఖాళీ భాగంలో సందేశం మాత్రమే రాయమనండి. అప్పుడు ఫోన్ పట్టుకోని పిల్లవాడు కూడా తక్కిన వారితో సమానంగా రాస్తాడు. వాట్సాప్ సంభాషణ వద్దనే నా సలహా. అక్కడి కుదించిన రాతకు ప్రమాణమేదీ లేదు, దిద్దే ఉపాధ్యాయులు ఒక్కొక్కరూ ఒక్కో విధంగా మార్కులు వేస్తారు.

దిద్దడం గురించి మరికొంచెం చెప్పాలి, ఎందుకంటే ప్రశ్న ఎంత బాగున్నా కీ (మార్కులు వేయడానికి ఇచ్చే సూచిక) పాతదైతే శ్రమ వృథా. పై ప్రశ్నకు 10 మార్కులు అనుకుంటే, చెప్పవలసిన మూడు విషయాలూ (రాలేకపోవడానికి కారణం, వేరే తేదీ, పత్రం ఎప్పటిలోగా ఇచ్చేది) చెప్పినందుకు 5, అందుకునే వారికి తగిన మర్యాద, వరుసక్రమం ఉన్నందుకు 2, వాక్య నిర్మాణం, పదాల ఎంపిక, అక్షరదోషాలు కలిపి 3 కేటాయించండి. కుడివైపు చిరునామా, ఎడమవైపు తేదీ వంటి అమరికకు మార్కులు పెట్టినంతకాలం పిల్లలు అమరికనే నేర్చుకుంటారు. ఇంకొక మాట: ఒక అక్షరదోషం వల్ల అర్థం మారిందా లేదా అన్నది చూసి మార్కు తగ్గించమని కీలోనే స్పష్టంగా రాయండి. తేదీ తప్పు రాయడమూ, ఒక పదంలో ఒక అక్షరం జారవిడవడమూ ఒకే తప్పు కావు. వీలైతే దిద్దే ఉపాధ్యాయులంతా ముందుగా ఒకే జవాబుపత్రాన్ని విడివిడిగా దిద్ది, వేసిన మార్కులను సరిపోల్చుకోవడం మంచిది.

వ్యాకరణ భాగాన్ని కూడా వదలనక్కరలేదు. ఒక పేరాలో తప్పులు గుర్తించి సరిచేసే ప్రశ్న మన పత్రాల్లో ఎప్పటి నుంచో ఉంది. ఇప్పుడు యంత్రం రాసి ఇచ్చిన ఇంగ్లిషును మనిషి సరిచూసుకోవలసిన కాలం వచ్చింది కనుక ఆ ప్రశ్నకు విలువ పెరిగింది. పేరాకు బదులు ఒక దరఖాస్తు ముసాయిదా ఇవ్వండి. అందులో వ్యాకరణ దోషాలతో పాటు ఒక చోట అధికారితో మాట్లాడే తీరు సరిగా లేని వాక్యాన్నీ, ఒక చోట ప్రశ్నపత్రంలో అంతకుముందు ఇచ్చిన కళాశాల సందేశంతో సరిపడని తేదీనీ ఉంచండి.

వ్యాఖ్య (పదో తరగతి విద్యార్థి తండ్రి, నిజామాబాద్ జిల్లా)

నేను ఉపాధ్యాయుడిని కాను. గల్ఫ్‌లో కొన్నేళ్లు పనిచేసి తిరిగి వచ్చినవాడిని. మా ప్రాంతం నుంచి, జగిత్యాల నుంచి అటు వెళ్లేవారు ఎందరో మీకు తెలియనిది కాదు. ఒప్పంద పత్రం అరబ్బీ, ఇంగ్లిషు భాషల్లో ఉంటుంది. మూల వేతనం ఎంత, తిండికీ వసతికీ కలిపి ఇచ్చేదెంత, రోజుకు ఎన్ని గంటలు, అదనపు గంటలకు ఏ లెక్కన ఇస్తారు, టికెట్ ఎవరు పెట్టుకోవాలి అన్నవి అందులో ఉంటాయి. చదివించుకోవడానికి మనిషి కోసం వెతుక్కున్నవారిని ఎందరినో చూశాను. ఒప్పందంలోని ఒక పుటను మా పిల్లల పరీక్షలో ఇస్తే నాకు సంతోషం. ఊరు విడిచి వెళ్లని పిల్లలకు కూడా అది అక్కరకు వస్తుంది.

సమాధానం (ఇంగ్లిషు ఉపాధ్యాయురాలు, వరంగల్)

అన్నగారి మాట చదివాక ఒక విషయం చేర్చాలనిపించింది. మన పిల్లలు ఇంటి వద్ద చేసే అసలైన పని, ఇంగ్లిషులో వచ్చినదాన్ని చదివి నాయనమ్మకో, తండ్రికో తెలుగులో చెప్పడం. ఐరోపా భాషా ప్రమాణాల చట్రం 2001లో వెలువడితే, దానికి 2018లో వచ్చిన అనుబంధ సంపుటిలో ఒకరి మాటను మరొకరికి అందించే ఈ నైపుణ్యానికి కూడా వివరమైన కొలమానాలు చేర్చారు. రాత పరీక్షలో తెలుగు జవాబుకు చోటు లేదు కానీ, బడిలోనే వేసే 20 అంతర్గత మార్కుల్లో ఈ నైపుణ్యానికి చోటు ఉంది. ప్రాజెక్టు పని కింద ప్రతి విద్యార్థీ ఇంటికి వచ్చిన ఒక ఇంగ్లిషు కాగితాన్ని, అంటే మందుల చీటీనో, బీమా పాలసీ పత్రాన్నో తెచ్చి, ఇంటివారికి తెలుగులో ఏం చెప్పాడో, వారు ఏం అడిగారో, దానికి కాగితంలో జవాబు దొరికిందో లేదో ఇంగ్లిషులో రెండు నిమిషాలు మాట్లాడాలి. ఖాతా సంఖ్యలూ, పేర్లూ కొట్టివేసి తెమ్మని ముందే చెప్పండి.

వినే నైపుణ్యానికి కూడా తరగతిలో పెట్టే చిన్న పరీక్ష అయిన స్లిప్ టెస్టులో కొన్ని నిమిషాలు చాలు. రైల్వే స్టేషన్‌లో వినిపించే ప్రకటన వంటిదాన్ని మీరే రెండుసార్లు చదివి, ప్లాట్‌ఫాం సంఖ్య, మారిన సమయం రాయమంటే సరిపోతుంది.

అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. ఒక ప్రశ్న ముసాయిదా సిద్ధం చేశాను, దయచేసి చూడండి. బ్యాంకు పేరుతో రెండు సందేశాలు ముద్రిస్తాను. మొదటిది నెలవారీ నిల్వ గురించి. రెండోది ఖాతా ఈ రాత్రికే నిలిచిపోతుందనీ, ఇచ్చిన లింకు నొక్కి ఓటీపీ పంపమనీ తొందర పెట్టేది. ప్రశ్నలు: వీటిలో మోసపూరితమైనది ఏది? మోసపోతే ఏ నంబరుకు ఫోన్ చేయాలి? జాగ్రత్తలు చెబుతూ మిత్రునికి ఒక సందేశం రాయండి.

సమాధానం (విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు, కరీంనగర్)

మంచి అంశం ఎంచుకున్నారమ్మా. మూడు మార్పులు సూచిస్తాను. మొదటి ప్రశ్నకు ఊహతోనే సగం మంది సరైన జవాబు రాస్తారు కనుక, అనుమానం కలిగించిన రెండు పదబంధాలను సందేశం నుంచే ఎత్తి రాయమనండి. రెండోది ఇంగ్లిషును పరీక్షించడం లేదు, సాధారణ జ్ఞానాన్ని పరీక్షిస్తోంది. సైబర్ నేరాల సహాయ నంబరు 1930 అని పత్రంలో మీరే ముద్రించి, ఫోన్ చేసేవారు ఏ వివరాలు దగ్గర పెట్టుకోవాలో ఒక చిన్న ప్రకటనగా ఇచ్చి, అందులోంచి అడగండి. మూడోదాన్ని మిత్రునికి కాక, ఇప్పటికే లింకు నొక్కి కంగారు పడుతూ మీకు సందేశం పంపిన అక్కకు జవాబుగా మార్చండి, ఆమె పంపిన సందేశాన్ని కూడా ముద్రించండి. ఆమె ఓటీపీ చెప్పిందా లేదా అన్నది ఆ సందేశంలో ఒక మూల ఉండాలి, జవాబు దాన్ని బట్టి మారాలి. పత్రం పూర్తయ్యాక సమయం సరిపోతుందో లేదో తెలుసుకోవడానికి, కిందటేడు పదో తరగతి పూర్తి చేసిన పిల్లలు ఇద్దరు ముగ్గురిని పిలిచి, గడియారం పెట్టి ఒకసారి రాయించండి.